తలమీద పెట్టని చెయ్యి

ఎండిన సొరబుర్రను రెండు రోజులు నీళ్ళలో నానబెట్టాక లోపలి పీచు గీకాలి. తొందరపడేవాళ్ళ వల్ల అయ్యే పని కాదది. బుర్రను ఒళ్ళో పెట్టుకుని, ఎడమ అరచెయ్యి బయటివైపు ఆనించి, కుడిచేత్తో వంపుకత్తిని లోపల తిప్పాలి. గోడ ఎక్కడ పలచబడుతోందో కంటికి కనిపించదు, అరచేతికే తెలియాలి. శెవంతి అరచేతికి తెలిసేది. మిరజ్ సితార్ల వీధిలో దస్తగీర్ చాచా కొట్లో మూడేళ్ళుగా ఆమె చేతిలో ఒక్క బుర్ర కూడా పగల్లేదు.

ఆ గురువారం పొద్దున చాచా ఆమె గీకిన బుర్రను వెలుతురుకు ఎత్తి చూశాడు. వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. దాన్ని కిందికి దించి, ఎటో చూస్తూ, సోమవారం నుంచి జవారీ పీట దగ్గర కూర్చోమన్నాడు.

తీగలు చుడుతున్న ఇద్దరూ తలలెత్తారు. తంబురా తీగలు ఆనే ఎముక పలకను వెంట్రుక మందాన ఆకురాయితో అరగదీసి, తీగకు తుమ్మెద రొద పుట్టించడమే జవారీ. ఆ ఇంటి కొడుకులకు తప్ప ఆ పని ఎవరికీ నేర్పింది లేదు.

"ఆదివారంతో మీ సూతకం తీరుతుందిగా," అన్నాడు చాచా. "రంగుచీర కట్టుకుని రా. ఆ పీట మీద తెల్లబట్ట కనిపిస్తే మా అబ్బా కలలోకొచ్చి నన్ను తిడతాడు."

శెవంతి తల ఊపింది. మాట కావలసిన చోట తల ఊపడం ఆమెకు చిన్నప్పటినుంచీ అలవాటు. ఆనందంతో చేతులు ఒకచోట నిలవకపోవడం ఎవరూ చూడకుండా, వాటిని బుర్రలోపలికి పెట్టేసుకుంది. గాజుల్లేని మణికట్లు బుర్ర అంచుకు తగిలినా చప్పుడు రాలేదు. గురువు రఖమా మావశీ పోయిన పొద్దున తోటి శిష్యురాలు బాయజా శెవంతి చేతుల్ని గడపకేసి కొట్టి గాజులు పగలగొట్టింది. తనకంటే ఒక మెట్టు పైనున్న చేలాయే ఆ పని చేయాలి. గురువు పోతే చేలాలకు నలభై రోజులు వైధవ్యం. నలభయ్యో రోజున వేరే ఇంటి పెద్ద ఒకామె వచ్చి రంగుచీర కప్పి, తన చేలాగా వెంట తీసుకుపోతుంది. హిజ్రాల ఇళ్ళలో గురువు లేని మనిషంటూ ఉండదు.

ఎవరొస్తారన్నదే భయం. ముప్పై ఏడు రోజులుగా శెవంతికి అన్నం సరిగ్గా లోపలికి పోవడం లేదు.

మధ్యాహ్నం తిండికని ఇంటికి వెళ్ళేసరికి బాయజా నీళ్ళకు పోయింది. రైల్వే గోడ పక్కన రెండు గదుల ఇల్లు. ముందుగదిలో స్టూలు మీద రఖమా మావశీ పటం, దాని ముందు దీపం, పక్కనే మావశీ ఊరివాళ్ళ అర్జీలు పెట్టుకుని ఆఫీసులకు తిరిగిన కాగితాల సంచీ. గుమ్మంలో ఎవరో ఒక ముసలామె రేషన్ కార్డు పట్టుకుని కూర్చుని ఉంది. మావశీ పోయిందని తెలియదు పాపం. తెలిశాక కూడా కాసేపు అలాగే కూర్చుని, ఇక ఆఫీసుకు తన వెంట ఎవరొస్తారని అడిగింది. ముసలామె కార్డును కొంగులో ముడేసుకుని వెళ్ళిపోయింది.

ఆ వెంటనే ఆటో ఆగిన చప్పుడు. బాయజా ఏమోననుకుని శెవంతి తల తిప్పింది.

గుమ్మంలో ఇంకో ఇంటి పెద్ద హౌసానాని నిలబడి ఉంది. నిండా తెల్లజుట్టు, వెడల్పాటి భుజాలు, ముంజేతుల నిండా ఆకుపచ్చ గాజులు. సాంగ్లీ నుంచి కొల్హాపూర్ దాకా ఆమె పేరు చెబితే చిన్న చేలాలు కొంగు సర్దుకుంటారు. గుమ్మం గుమ్మం తిరిగి దీవించే నోటితో గుమాస్తాలను బతిమాలుతోందని రఖమా మావశీ మీద పంచాయతీ పెట్టించింది ఆమే. ఆ ఇంట్లో కొన్నాళ్ళు ఎవరూ మంచినీళ్ళు ముట్టకూడదని కట్టడి చేయించిందీ ఆమే. శెవంతి కొట్లో పనికి కుదిరిందని విన్న రోజున నలుగురిలో ఏమందో బాయజా ఇప్పటికీ అదే గొంతుతో చేసి చూపిస్తుంది: హిజ్రా చెయ్యి చప్పట్లకీ దీవెనకీ పుట్టింది, ఒకడి కొట్లో బుర్రలు గోకడానికి కాదు. సొంత చేలా గులాబ్ కుట్టుమిషన్ కొనుక్కుంటే దాని మీద గోనెసంచి కప్పించి నాలుగేళ్ళయింది. ఆ గోనె ఇంకా తియ్యలేదంటారు.

ఏం చేస్తున్నదీ శెవంతికే తెలియలేదు. పెద్దవాళ్ళు ఎదురైతే చెయ్యమని నేర్పిన పనే ఒంటికి గుర్తుంది. కొంగు రెండు చేతులా పట్టుకుని, నేల మీద పరిచి, ఆ ముసలి పాదాల మీద తల పెట్టింది. "పావ్ పడతే, నాని."

పైన గాజులు గలగలమన్నాయి. హౌసానాని కుడిచెయ్యి కొంచెం లేచింది. శెవంతి తల దాకా రాలేదు. గాలిలోనే ఆగి, పక్కకు పోయి, తలుపుచెక్క పట్టుకుంది.

శెవంతి తలెత్తే ధైర్యం చేసేసరికి ఆ ముసలి కళ్ళు పటం వైపు ఉన్నాయి. దవడ బిగుసుకుని ఉంది.

"బాయజా ఏదీ?"

నీళ్ళకు వెళ్ళిందని శెవంతి చెప్పిన మాట ఆమెకే వినబడలేదు.

"ఆదివారం పొద్దున్నే వస్తానని చెప్పు."

చెప్పులు తిప్పి తొడుక్కుని వెళ్ళిపోయింది. ఆటోలోంచి తల బయటపెట్టి అంతా చూస్తున్న గులాబ్ నోరంతా తెరిచి నవ్వింది.

బాయజా బిందె దించకుండానే విషయమంతా వింది. విని, బిందె దించింది. "తెల్లచీరలో కొంగు పరిచావా?"

శెవంతి తల ఊపింది.

"ఒసేయ్, నీ బుర్రలో కూడా పీచేనా? సూతకంలో ఉన్నది మొదట ఎవరి కాళ్ళ దగ్గర కొంగు పరిస్తే వాళ్ళే దానికి గురువు. పొద్దున పుట్టిన చేలాక్కూడా తెలుసు కదే. అందుకే కదా నలభై రోజులూ ఎవరికీ వంగకుండా, నిలువు కర్రలా తిరుగుతున్నాం." బాయజా గడప మీద కూలబడింది. ఆమెకు నలభై దాటాయి, నోరు కత్తి. ఆ నోటికే ఇప్పుడు మాట వెతుక్కోవలసి వచ్చింది. "పోయి పోయి ఆవిడ కాళ్ళేనా దొరికాయి? ఆ గాడ్దె మొహం గులాబ్ చూసిందా?"

చూసింది.

"అయితే పుట్టి మునిగింది," అంది బాయజా.

శుక్రవారం శెవంతి కొట్టుకు వెళ్ళింది. వెళ్ళకుండా ఉండడం కంటే వెళ్ళడమే తేలికనిపించింది. ఆ రోజు గీకవలసింది పెద్ద బుర్ర, మగవాళ్ళ తంబురాకు. చాచా దాన్ని తనే ఎత్తి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. పండరపురం వైపు రైతు ఒకడు రెండేళ్ళు చెట్టుకు ఎండనిచ్చి పంపిన కాయ అని చెప్పాడు.

కత్తి తిప్పుతోంది కానీ ఆమె చూపు జవారీ పీట మీదే ఉంది. చిన్న పీట. దాని పక్కన మూడు ఆకురాళ్ళు, ఒక గుడ్డపీలిక, చాచా తండ్రి చేతిరాపిడికి నున్నగా అరిగిన చెక్క. సోమవారం తాను అక్కడ ఉండదు. హౌసానాని వెనకాల, పుట్టిన పిల్లల ఇళ్ళకూ రైలుపెట్టెలకూ తిరుగుతూ ఉంటుంది. ఆ పనిలో తప్పు లేదు. రఖమా మావశీ కూడా ఎప్పుడూ తప్పనలేదు. అయితే అపరిచితుల ముందు గొంతెత్తి పాడమంటే శెవంతికి గొంతు మూసుకుపోతుంది. చప్పట్లు కొట్టమంటే రెండు చేతులూ కలవవు. మావశీ ఆమెను వారం రోజులు వెంట తిప్పుకుని, ఎనిమిదో రోజున తిన్నగా ఈ వీధికి తీసుకొచ్చి చాచా అరుగు మీద కూర్చోబెట్టింది. తనూ పక్కనే కూర్చుంది.

కిటుక్కుమని సన్నటి చప్పుడైంది. పెద్ద చప్పుడేమీ కాదు. కొట్లో అందరూ విన్నారు.

ఎడమ అరచేతి కింద బుర్ర నిలువునా చీలింది.

శెవంతి కదల్లేదు. తీగలు చుట్టే వాడొకడు, నానాతుల్యా అని అల్లరి మనిషి, "శభాష్, ఇప్పుడు ఇందులో ఉసళ్ వండుకోవచ్చు," అన్నాడు. ఇంకొకడు నవ్వబోయి చాచా మొహం చూసి మానేశాడు.

చాచా వచ్చి బుర్రను తీసుకున్నాడు. చీలికలో గోరు పెట్టి చూశాడు. తిడతాడని ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది కూడా.

"బుర్ర పగిలితే ఇంకో బుర్ర వస్తుంది," అన్నాడు. "వణుకుతున్న చేతికి మారు చెయ్యి రాదు. ఇవాళ ఇంటికి వెళ్ళు."

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. సోమవారం తాను రాకపోతే ఆ పీట వేరే ఎవరికైనా ఇవ్వమని చెప్పాలి. నోరు తెరిచింది. చాచా ఆమె చెప్పని మాట సగం విన్నట్టే తల తిప్పుకున్నాడు.

"మీ రఖమా ఈ అరుగు మీద రెండు పొద్దులు కూర్చుంది," అన్నాడు. "కస్టమర్లొస్తే జరిగేది, పోతే మళ్ళీ మధ్యలోకొచ్చి కూర్చునేది. ఒక్క మాట అనలేదు, ఒక్కసారి బతిమాలలేదు. మూడో పొద్దున నేనే విసిగి నీ చేతికి కత్తిచ్చాను. అలాంటామె ఇంట్లోంచి వచ్చినదానివి నువ్వు. ఎవరికి భయపడుతున్నావో నాకు తెలీదు."

ఇంట్లో బాయజా ఉపాయం సిద్ధంగా పెట్టుకుంది. ఆదివారం పంచాయతీలో అడిగితే కొంగు పరవలేదని చెప్పాలి. జారి పడ్డానని చెప్పాలి. గులాబ్ మాట ఎవరు నమ్ముతారు, అది నిన్నగాక మొన్న పేడతట్టను కూడా పూలబుట్ట అని నమ్మబలికింది. బాయజా ఇలా చెబుతూ చెబుతూ జొన్న భాకరీ తట్టింది, ఒకటి మాడింది, దాన్ని తనే తినేసింది. తన సంగతి మాత్రం ఎత్తలేదు. తననెవరు తీసుకుపోతారో ఆమెకూ తెలియదని, ఇద్దరూ ఒకే ఇంటికి పోవాలన్న నియమమేమీ లేదని, శెవంతికి అప్పుడు తట్టింది. ఆ భయం ఇంకొకటి వచ్చి మొదటి దాని పక్కన కూర్చుంది.

శనివారం పొద్దున బాయజా సరుకులకు వెళ్ళగానే శెవంతి రెండు జతల బట్టలు సంచీలో పెట్టుకుని స్టేషనుకు నడిచింది. పుణె బండి పదకొండింటికి. పుణెలో ఎవరూ తెలియదు. తెలియకపోవడమే మంచిదనుకుంది. గురువు లేకుండా పారిపోయిన దాన్ని ఏ ఊళ్ళోనూ ఏ ఇంటివాళ్ళూ చేర్చుకోరని, రైల్లో మన వాళ్ళే పట్టుకుని దింపేస్తారని ఆమెకు తెలుసు. అయినా టికెట్ తీసుకుంది. ప్లాట్‌ఫారం చివర, నీళ్ళ కొళాయి వెనక, సంచీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

చప్పట్లు వినిపించాయి. ఆ చప్పట్లు ఎవరివో చూడక్కర్లేదు.

"ఇదేంటే మా కొత్త చెల్లెలు ఇక్కడ దొరికింది," అంది గులాబ్. ఎర్రచీర, జడలో కనకాంబరాలు, వెనక ఇంకో ఇద్దరు. "పుణె బండికా? పుణెలో నీకెవరున్నారే, మేనమామా?"

శెవంతి సంచీని గట్టిగా పట్టుకుంది.

గులాబ్ ఆమె పక్కన చతికిలబడి, ఆ సంచీని మెల్లగా తీసుకుని, లోపలికి చూసి, మళ్ళీ దాని మూతి బిగించి తన ఒళ్ళో పెట్టుకుంది. వెనకవాళ్ళతో టీ తెమ్మంది. టీ వచ్చేదాకా కబుర్లు చెప్పింది. నాని నిన్న స్వయంగా బజారుకు వెళ్ళిందట. గత పదేళ్ళలో నాని తన కాళ్ళతో చీర కొట్టుకు వెళ్ళింది లేదట. ఎవర్నీ వెంట రానివ్వలేదట. చీర సంచీలో పెట్టుకుని తెచ్చిందట, చూపించమంటే కళ్ళెర్రజేసిందట.

"ఆకుపచ్చ పైఠణీ పట్టుచీర అయ్యుంటుంది," అంది గులాబ్. "నా మీద కప్పినప్పుడు మామూలు నూలుదే కప్పింది. నీకు అదృష్టం ఉందే." ఆమె గొంతులో ఎగతాళి ఉంది. దాని అడుగున ఇంకేదో కూడా ఉంది. టీ గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ అడిగింది, "నిజంగా ఆ తంబురాలు నువ్వే చేస్తావా?"

బుర్రలు గీకుతానని శెవంతి చెప్పింది.

"నేను జాకెట్లు బాగా కుట్టేదాన్ని," అంది గులాబ్. ఆ తరువాత లేచి, ఆమె చెయ్యి పట్టుకుని, ఆటోలో ఇంటి దాకా తెచ్చి దింపింది. దారంతా చెయ్యి వదల్లేదు. పుణె బండి వాళ్ళ వెనకాల కూత వేసి వెళ్ళిపోయింది.

ఆదివారం ఎనిమిదింటికే నాలుగు ఇళ్ళ పెద్దలూ వచ్చారు. ముందుగదిలో చాపలు పరిచారు. పొయ్యి మీద రవ్వ శిరా ఉడుకుతోంది, యాలకుల వాసన. వాళ్ళందరిలోకీ వయసులో పెద్దదైన చమేలీనాని గోడకు ఆనుకుని వక్క కత్తిరిస్తోంది. వినికిడి తగ్గిన మనిషి, అందుకని అందరూ కొంచెం గట్టిగా మాట్లాడుతున్నారు. శెవంతి, బాయజా పటానికి చెరో పక్కన తెల్లచీరల్లో కూర్చున్నారు. శెవంతి చూపు గుమ్మం మీద ఉంది.

హౌసానాని వచ్చింది. చేతిలో గుడ్డసంచీ. వెనక గులాబ్. నలుగురూ జరిగి మధ్యలో చోటిచ్చారు.

చమేలీనాని వక్క నోట్లో వేసుకుని మొదలుపెట్టింది. రఖమా పోయి నలభై రోజులు. ఆమెకు ఇద్దరు చేలాలు. వీళ్ళలో ఎవరైనా ఎవరి ముందైనా కొంగు పరిచారా?

"ఎవరూ పరవలేదు," అంది బాయజా వెంటనే. మరీ వెంటనే.

"పరిచింది," అంది గులాబ్. "గురువారం నాడు. మా నాని కాళ్ళ మీద తలపెట్టింది. నా రెండు కళ్ళతో చూశాను."

"జారి పడింది."

"జారి పడితే నోటితో పావ్ పడతే అంటారా?"

ఎవరో నవ్వారు. చమేలీనాని చెయ్యెత్తింది. శెవంతి వైపు తిరిగి, నువ్వే చెప్పమంది. గదిలో అందరి చూపులూ ఆమె మీద పడ్డాయి. బాయజా మోకాలు ఆమె మోకాలికి గట్టిగా తగిలింది. శెవంతికి మావశీ గుర్తొచ్చింది. మావశీ ఏ ఆఫీసులోనూ ఒక్క అబద్ధపు కాగితం పెట్టలేదు. వయసు కూడా తగ్గించి రాసుకోలేదు.

"పరిచాను," అంది.

బాయజా కళ్ళు మూసుకుంది.

"మరింకేం," అంది చమేలీనాని. "హౌసా, చీర తియ్యి."

హౌసానాని సంచీ ముడి విప్పింది. విప్పడానికి చాలాసేపు పట్టింది, వేళ్ళు సరిగ్గా కదలడం లేదు. శెవంతి ఆ వేళ్ళనే చూస్తోంది. చీర బయటికొచ్చింది. ఆకుపచ్చ కాదు. తెల్లది. అంచు కూడా లేని నూలు చీర.

గులాబ్ ముందుకు వంగింది. చమేలీనాని కళ్ళు చికిలించి, ఎవరికిది, దీని సూతకం ఇవాళ్టితో తీరిందిగా అని అడిగింది.

"నాకు," అంది హౌసానాని.

అందరూ అర్థం కానట్టు ఉండిపోయారు. ఆమె చీరను ఒళ్ళో పరుచుకుని, మడతల మీద చెయ్యి రాస్తూ మాట్లాడింది. గొంతు పెంచలేదు. చమేలీనాని చెవి దగ్గరికి జరుపుకోవలసి వచ్చింది.

"పోయిన వానాకాలం నాకు కడుపులో గడ్డ లేచింది. ఎవరికీ చెప్పలేదు. ఊరెళ్తున్నానని చెప్పి ఆసుపత్రికి పోయాను. చాప కూడా పట్టుకుపోయాను. మనకి వరండాయే కదా. మగవాళ్ళ వార్డులో ఉండలేం, ఆడవాళ్ళ వార్డులో ఉండనివ్వరు. మా గురువు అలా వరండాలోనే పోయింది, వాన జల్లు కొడుతుంటే నేనే గొడుగు పట్టుకుని కూర్చున్నాను. నర్సుపిల్ల నా చాప చూసి, ఇదెందుకు అమ్మమ్మా అంది. ఆడవాళ్ళ వార్డు, తొమ్మిదో మంచం అంది. పదకొండు రోజులున్నాను. పక్కమంచం ఆవిడ రోజూ నాకు తల దువ్వింది. ఎవరు చేయించారే ఇదంతా అని నర్సుని అడిగాను. రఖమాబాయి అని ఒకామె ఆ ఆసుపత్రి మెట్ల మీద తొమ్మిది రోజులు కూర్చుని, మనవాళ్ళకి ఆడవాళ్ళ వార్డులో మంచమివ్వాలని రాయించుకుందని చెప్పింది."

ఆగింది. పొయ్యి మీద శిరా అడుగంటుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

"ఆ తొమ్మిది రోజులు నాకు తెలుసు. ఆ తొమ్మిది రోజుల్లోనే నేను మిమ్మల్నందర్నీ పోగేసి దాని ఇంట నీళ్ళు బంద్ చేయించాను. ఇంటికొచ్చాక ఒక్క మాట చెప్పి పోదామనుకున్నాను. ఇవాళ రేపు అనుకుంటుండగానే అది పోయింది. గురువారం దాని పటం ముందు కొంగు పరుద్దామని వచ్చాను. ఈ పిచ్చిది నా కాళ్ళ మీద పడింది. దాని భయం చూశాక నాకు నోరు రాలేదు." గులాబ్ వైపు తిరిగింది. "నేను దీని తలమీద చెయ్యి పెట్టానా?"

గులాబ్ ఆలోచించింది. "లేదు నాని. తలుపు పట్టుకున్నావు."

"చెయ్యి పెట్టని మొక్కు చెల్లదు."

చమేలీనాని వక్క నమలడం ఆపేసింది. "నువ్వు ఇంటి నాయక్‌వి. దానికంటే పన్నెండేళ్ళు పెద్దదానివి. చచ్చిపోయినదానికి చేలావవుతావా? ఎక్కడైనా ఉందా?"

"లేదని కూడా ఎక్కడా లేదు."

"నీ ఇల్లో?"

"గులాబ్ చూసుకుంటుంది. మిషన్ మీద గోనె కూడా అదే తీసుకుంటుంది."

గులాబ్ నోరు తెరిచి, కొంగు నోట్లో కుక్కుకుంది.

పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గుసగుసలు లేచాయి, ఒకామె ఇది నవ్వులాట అంది, ఇంకొకామె ఆమెను ఊరుకోమంది. చమేలీనాని చాలాసేపు పటం వైపు చూసింది. చివరికి, గురువు ఇంటికి కొత్త చేలా వచ్చిందంటే ఆ ఇల్లు ఇంకా బతికే ఉందని, బతికున్న ఇంట్లోంచి మనుషుల్ని ఇంకొకరు తీసుకుపోకూడదని తేల్చింది. బాయజా ఇంటికి పెద్ద. శెవంతి రెండోది. హౌసా మూడోది, అందరికంటే చిన్నది. చమేలీనానే లేచి ట్రంకు పెట్టె తెరిచి రఖమా చీరలు రెండు తీసి ఇద్దరి మీదా కప్పింది. శెవంతి మీద పడింది నీలం నూలు చీర, మావశీ ఆఫీసులకు కట్టుకెళ్ళేది, కొంగున సిరా మరక ఉంది.

"ఒక మెట్టు పైనున్నది గాజులు తియ్యాలి," అంది చమేలీనాని. "లే పిల్లా."

శెవంతి లేచింది. హౌసానాని అప్పటికే గడప దగ్గర కూర్చుని రెండు చేతులూ చాచింది. ముడతలు పడిన, బరువైన చేతులు. శెవంతి ఆ మణికట్లు పట్టుకుంది. గడప మీద మెల్లగా తట్టింది. ఒక్క గాజు కూడా పగల్లేదు.

"గట్టిగా కొట్టు," అంది హౌసానాని. "గీరుకుంటే గీరుకోనీ."

రెండోసారి కొట్టింది. ఆకుపచ్చ ముక్కలు గుమ్మం అంతా పడ్డాయి. మణికట్టు దగ్గర సన్నగా నెత్తురు గీత పడింది. వెనకాల బాయజా గట్టిగా ఏడుస్తోంది. నలభై రోజుల్లో బాయజా ఏడవడం ఇదే మొదటిసారి.

భోజనాలయ్యాయి, పెద్దలు ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. గులాబ్ వెళుతూ వెళుతూ గుమ్మంలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. తెల్లచీర కట్టుకుని వచ్చిన హౌసానాని ఎవరూ చెప్పకుండానే అంట్లగిన్నెలు పోగేసి కొళాయి కింద పెట్టింది. శెవంతి దూరంగా నిలబడి చూస్తోంది. ఆ వీపు చూస్తే ఇంకా భయంగానే ఉంది.

"అక్కా," అంది హౌసానాని గిన్నె తోముతూ.

బాయజాను పిలిచిందేమోనని శెవంతి వెనక్కి చూసింది. వెనక ఎవరూ లేరు.

"నిన్నే. రేపు పనికి ఎన్నింటికి పోతావు?"

"తొమ్మిదింటికి."

"నలభై రోజులు నేనిక్కడే ఉండాలి కదా. చిన్నదాన్ని, పొయ్యి నాదే. ఎనిమిదికల్లా భాకరీ చేసి పెడతాను." గిన్నె బోర్లించి, తడి చేత్తో నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకుంది. "శెనగపిండి పిట్లలో కారం ఎంత తింటావో చెప్పు. నా చెయ్యి కొంచెం జోరు."

శెవంతి తల ఊపబోయింది. ఆ ప్రశ్నకు తల ఊపితే జవాబు కాదు.

"తక్కువ వెయ్యి," అంది.